ఎక్కడ ఆపారు?

మా చెల్లెలు ఇంటి దగ్గర కూర్చుని అనువాదాలు చేస్తుంది. పని మధ్యలో బ్రౌజర్ తనని ఎటో లాక్కుపోతోందని రెండు మూడుసార్లు అన్న తర్వాత, నాకు వచ్చిన విద్య అదే కాబట్టి, ఒక ఎక్స్‌టెన్షన్ రాసిచ్చాను. మొదటి రూపం చాలా సులువు. కొన్ని సైట్ల జాబితా, కొన్ని పని వేళలు. ఆ వేళల్లో ఆ సైట్లు తెరిస్తే వాటి బదులు ఒక ఎర్ర పేజీ వస్తుంది, దాని మీద పెద్ద అక్షరాలతో ‘ఇది పని సమయం’ అని.

వారం తిరక్కుండా ఫోన్ చేసింది. “అన్నయ్యా, నేను యూట్యూబ్‌కి వెళ్ళింది గుంట మగ్గం ఎలా ఆడుతుందో చూడ్డానికి. నేతగాడి కాళ్ళ కదలిక మీదే, నేను అనువదిస్తున్న పుస్తకంలో ఒక పేజీ ఉంది. కళ్ళతో చూడకుండా ఎలా రాయను? నీ ఎర్ర పేజీ నన్ను దొంగని చూసినట్టు చూసింది.”

ఆ మాట చాలా రోజులు నన్ను వదల్లేదు. బ్రౌజర్‌కి తెలిసేది చిరునామా ఒక్కటే. మనిషి అక్కడికి ఎందుకు వెళ్ళిందో దానికి తెలియదు. అదే యూట్యూబ్ పదకొండు గంటలకి పని, పదకొండుంపావుకి కాలక్షేపం. ఆ తేడా తేల్చగలిగింది ఆమె ఒక్కతే. ఆ తీర్పు ఆమె చేతిలోంచి తీసేసుకుని నేను ముందే రాసిపెట్టాను. సాయం చెయ్యబోయి కాపలా పెట్టాను.

అప్పుడే నాకు చిన్నప్పటి సభ ఒకటి గుర్తుకొచ్చింది. పదేళ్ళప్పుడు నాన్న నన్ను మా ఊరి గ్రంథాలయంలో జరిగిన అష్టావధానానికి తీసుకెళ్ళారు. అవధానం అంటేనే మనసు నిలపడం. ఆ పేరుతో మనవాళ్ళు ఒక సభనే కట్టుకున్నారు. చుట్టూ ఎనిమిదిమంది పృచ్ఛకులు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు నాలుగు మాటలిచ్చి పద్యంలో పొదగమంటారు. నిషిద్ధాక్షరి దగ్గర కూర్చున్నాయన, అవధాని నోట రాబోయే అక్షరాన్ని ముందే పసిగట్టి అడ్డుపడుతుంటాడు. మధ్యమధ్య ఎవరో గంట కొడతారు, ఎన్నిసార్లు కొట్టారో అవధాని చివర్లో చెప్పాలి. వీళ్ళందరి మధ్యా అప్రస్తుత ప్రసంగి ఉంటాడు. అవధాని ధ్యాస మళ్ళించడమే ఆయన పని. ఆ రోజు ఆయన, గోంగూర పచ్చడితో ఉల్లిపాయ నంజుకోవాలా కలిపేసుకోవాలా అని అడిగాడు. అవధానిగారు హాయిగా నవ్వి, నిదానంగా జవాబు చెప్పి, ఇటు తిరిగి నిషిద్ధాక్షరి పద్యంలో తర్వాతి అక్షరం అందుకున్నారు.

ఆ అందుకోవడం నాకిప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. ధ్యాస మళ్ళించేవాణ్ణి ఆ సభ బయటికి పంపలేదు. పీట వేసి ఎనిమిదిమందిలో ఒకడిగా కూర్చోబెట్టింది. అక్కడ పరీక్షించేది ధ్యాస చెదరకపోవడాన్ని అనుకుంటాం కానీ, అసలు పరీక్ష చెదిరిన ధ్యాస వదిలిన చోటికే తిరిగి రావడంలో ఉంది. చివర్లో పద్యాలన్నీ వరసగా అప్పజెప్పే ఘట్టానికి ధారణ అని పేరు. ఆ ధారణ లేకపోతే అవధానం పూర్తి కాదు.

అలా తిరిగి రావడంలో అవధానికి ఛందస్సు తోడుంటుంది. ఉత్పలమాల పాదంలో అక్షరాలు ఇరవై, యతి పదో అక్షరం దగ్గర. ఎక్కడ వదిలినా తర్వాత ఏ గణం రావాలో పద్యమే చెబుతుంది. మన తెర మీద అలాంటి గుర్తులు ఒక్కొక్కటే చెరిగిపోయాయి. ఒకప్పుడు పేజీ అడుగున ‘తర్వాతి పేజీ’ అనే బొత్తాం ఉండేది. దాని దగ్గర చెయ్యి ఒక్క క్షణం ఆగేది, ఎందుకొచ్చామో గుర్తుకొచ్చేది. 2006లో ఏజా రాస్కిన్ అనే డిజైనర్, కిందికి వెళ్ళేకొద్దీ కొత్త భాగం దానంతటదే వచ్చి చేరే పద్ధతిని రూపొందించాడు. చదివేవాళ్ళకి ఒక నొక్కు తప్పిద్దామనే అతని ఉద్దేశం. తర్వాత అతనే దాని గురించి బహిరంగంగా బాధపడ్డాడు.

ఒక పని వదిలి ఇంకో పనికి వెళ్తే మనసులో కొంత భాగం పాత పని దగ్గరే ఉండిపోతుందని సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో రాసింది. ఆ మిగులు బరువు తగ్గే మార్గం 2018లో థెరెసా గ్లోంబ్‌తో కలిసి రాసిన వ్యాసంలో ఉంది. పని వదిలే ముందు, ఎక్కడిదాకా వచ్చామో, తిరిగొచ్చి ఏం చెయ్యాలో క్లుప్తంగా రాసుకోవడం. ఇది చదివినప్పుడు నాకు ఆ గ్రంథాలయం సభే కనిపించింది.

ఎర్ర పేజీ తీసేశాను. ఇప్పుడు చెల్లెలు పని చేసే ట్యాబ్‌ని తానే గుర్తుపెడుతుంది. దాన్ని వదిలి వెళ్తే చిన్న పెట్టె ఒకటి వచ్చి ‘ఎక్కడ ఆపారు?’ అని అడుగుతుంది. ఒక్క వాక్యం రాస్తే చాలు, ఎటు వెళ్ళాలన్నా వెళ్ళొచ్చు. తిరిగొచ్చినప్పుడు ఆ వాక్యమే పెద్ద అక్షరాల్లో ఎదురొస్తుంది. క్రోమ్‌లో, ట్యాబ్ మారిందని తెలుసుకోవడానికి ప్రత్యేక అనుమతి అక్కర్లేదు. ఏ సైటుకి వెళ్ళారో చూడాలంటేనే కావాలి, అది కోరితే ‘మీ బ్రౌజింగ్ చరిత్రను చదవగలదు’ అని హెచ్చరిక వస్తుంది. నేను కోరలేదు. ఆమె వెళ్ళిందని నా టూల్‌కి తెలుసు, ఎక్కడికో తెలియదు. ఒక మనిషి ధ్యాస గురించి ఇంకొకరికి అంతకంటే ఎక్కువ తెలియనక్కర్లేదని నా నమ్మకం.

రాస్తుండగా ఒక చిక్కు వచ్చింది. ఎక్స్‌టెన్షన్‌లో వెనకాల నడిచే భాగాన్ని, 30 సెకన్లు పనిలేకుండా ఉంటే క్రోమ్ ఆపేస్తుంది. మళ్ళీ లేచేసరికి దానికి ఏదీ గుర్తుండదు. గుర్తుండాల్సిందేదో ఎప్పటికప్పుడు స్టోరేజ్‌లో రాసిపెట్టాలి. మనిషి మరుపుకి సాయంగా రాస్తున్న టూల్‌కి ముందుగా నేను నేర్పాల్సివచ్చింది కూడా అదే: వదిలే ముందు రాసిపెట్టుకోవడం.

రోజుకి ఎన్నిసార్లు పక్కకి వెళ్ళారో గ్రాఫ్ పెట్టమని ఒక స్నేహితుడు అడిగాడు. పెట్టలేదు. లెక్క మొదలైతే ప్రతి వెళ్ళడమూ తప్పుగా కనిపిస్తుంది, ఎర్ర పేజీ ఇంకో రంగులో తిరిగొస్తుంది.

కోడ్‌తో తీర్చలేని లోటు మాత్రం ఒకటుంది. అవధాని ముందు ఎనిమిదిమంది ఉంటారు, తర్వాతి పాదం కోసం సభంతా ఎదురుచూస్తుంది. ఆ ఎదురుచూపే ఆయన్ని సగం వెనక్కి పిలుస్తుందేమో. బ్రౌజర్ ముందు కూర్చున్న మనిషి కోసం ఎవరూ ఎదురుచూడరు. ఆమె రాయబోయే వాక్యం ఎవరికి కావాలో తెర మీద కనిపించదు. ఆ వాక్యం కావలసింది మొదట తనకే.

మొన్న చెల్లెల్ని, ఆ పెట్టెలో ఏం రాస్తున్నావో ఒకటి చదవమన్నాను. “ఐదో పేరా. ఏటి ఇసకలో నీళ్ళ కోసం తవ్వే గుంటకి మాట దొరకలేదు. అమ్మని అడగాలి,” అని చదివింది. అది రాసి అమ్మకి వీడియో కాల్ చేసిందట. మాట దొరకడానికి ఒక్క నిమిషం పట్టింది. అమ్మ చిన్నప్పటి ఎండాకాలాలు, బిందెలు, తెల్లవారకముందే ఏటికి నడిచి వెళ్ళడం, అవన్నీ వినడానికి ఇంకో ముప్పావుగంట.

“మరి తిరిగొచ్చాక?” అన్నాను.

“ఐదో పేరా కనిపించింది. ‘చెలమ’ అని రాసి, ముందుకి వెళ్ళాను.”