ఏది జరిగినట్టు లెక్క?

ఎక్స్-మెన్ కామిక్స్ చదవాలని సరదాపడే కొత్తవాళ్ళు పాత అభిమానులను మొదట అడిగేది ఒకటే: ఎక్కడ మొదలుపెట్టాలి? జవాబు మాత్రం మనిషికొకటి. స్టాన్ లీ, జాక్ కర్బీ 1963లో తెచ్చిన మొదటి సంచిక నుంచే చదవాలంటాడు ఒకాయన. అదంతా ఎందుకు, 1975లో లెన్ వీన్, డేవ్ కాక్రమ్ కొత్త జట్టును దించిన ‘జెయింట్-సైజ్ ఎక్స్-మెన్’ పట్టుకో, అసలు కథ అక్కడుంది అంటాడు ఇంకొకాయన. ఆ తర్వాత క్రిస్ క్లేర్‌మాంట్ 1991 దాకా రాస్తూనే పోయాడు కాబట్టి రెండో సలహాకే మద్దతు ఎక్కువ. ఇంతవరకూ ఇది డబ్బుకూ తీరికకూ సంబంధించిన లెక్క. పీటముడి 1980 దగ్గర పడుతుంది.

ఆ ఏడాది వచ్చిన 137వ సంచికలో తొలి జట్టులోని జీన్ గ్రే చనిపోతుంది. 1986లో తిరిగొస్తుంది. అప్పుడు చనిపోయింది అసలు ఆమే కాదని తేలుతుంది. ఈ సంగతి కొత్త పాఠకుడికి ఎప్పుడు చెప్పాలి? ముందే చెబితే ఆ చావు చప్పబడిపోతుంది. చెప్పకుండా ఊరుకుంటే, చనిపోని మనిషి కోసం అతను ఏడుస్తాడు. చదివే వరస కాగితం మీద రాసిచ్చే అభిమాని పైకి చేసేది చిన్న సాయమే. లోపల మాత్రం ఆయన ఒక తీర్పు చెబుతున్నాడు. కల్పించిన మనుషుల బతుకుల్లో ఏది నిజంగా జరిగినట్టు, ఏది జరగనట్టు? పనీపాటా లేనివాళ్ళ ప్రశ్న ఇది అని నవ్వేవాళ్ళుంటారు. పురాణాలతో, మతగ్రంథాలతో పరిచయం ఉన్నవాళ్ళు అంత తొందరగా నవ్వరు.

జీన్ సంగతి కాస్త వివరంగా చూడాలి. ఫీనిక్స్ అనే మహాశక్తితో ఒకటైన జీన్ అదుపు తప్పి ఒక నక్షత్రాన్ని మింగేసింది. దాని వెలుగులో బతికే లోకంలో ఐదు వందల కోట్ల ప్రాణులు మాడిపోయాయి. క్లేర్‌మాంట్, చిత్రకారుడు జాన్ బర్న్ ముందు అనుకున్న ముగింపులో ఆమె శక్తులు పోగొట్టుకుని మామూలు మనిషిగా బతుకుతుంది. ప్రచురణ సంస్థ మార్వెల్ ప్రధాన సంపాదకుడు జిమ్ షూటర్ ఒప్పుకోలేదు. అన్ని ప్రాణాలు తీసినదానికి ఇంతేనా శిక్ష అన్నది ఆయన అభ్యంతరం. ముగింపు మార్చారు. చంద్రుడి మీద, ప్రేమించినవాడి కళ్ళెదుట, తనలోని శక్తి మళ్ళీ పూర్తిగా అదుపు తప్పకముందే జీన్ తన ప్రాణం తానే తీసుకుంది.

కొన్నేళ్ళకు పాత జట్టులోని ఐదుగురినీ కలిపి ‘ఎక్స్-ఫ్యాక్టర్’ అనే కొత్త పత్రిక తేవాలనుకున్నారు. ఐదో మనిషిగా జీన్ కావాలి. కానీ హంతకిని నాయికను చెయ్యడానికి షూటర్ సుముఖంగా లేడు. దారి దొరికింది ఒక అభిమాని బుర్రలో. అప్పటికింకా రచయితగా పేరు రాని కర్ట్ బ్యూసిక్ అల్లుకున్న ఊహ అది: ఫీనిక్స్ జీన్‌ను ఆవహించనే లేదు; ఆమె రూపం, మనసు నకలు చేసుకుని, అసలు జీన్‌ను న్యూయార్క్‌లోని జమైకా బే నీళ్ళ అడుగున ఒక గూటిలో భద్రంగా దాచింది. లోకాన్ని కాల్చింది నకలు, చంద్రుడి మీద చచ్చిందీ నకలే. ఈ ఊహ రచయిత రోజర్ స్టెర్న్ ద్వారా బర్న్‌కు చేరి, ‘ఫెంటాస్టిక్ ఫోర్’ 286వ సంచికలో కథయింది.

ఇక్కడిదాకా వచ్చిన తెలుగు పాఠకుడికి ఎక్కడో విన్నట్టు అనిపించక మానదు. రావణుడు ఎత్తుకుపోయింది అసలు సీతను కాదు, మాయాసీతను. అసలు సీతను అగ్ని తన దగ్గర దాచాడు. యుద్ధమయ్యాక అగ్నిప్రవేశంలో మాయ పోయి ఆమె బయటికి వచ్చింది. వాల్మీకిలో లేని ఈ ముచ్చట కూర్మపురాణంలో ఉంది, అధ్యాత్మ రామాయణంలో ఉంది. గ్రీకులకూ ఇలాంటిదే ఒకటుంది. ట్రాయ్ యుద్ధానికి కారణమైన హెలెన్ ట్రాయ్‌కి వెళ్ళనే లేదని, అక్కడున్నది ఆమె నీడేనని, అసలామె ఈజిప్టులో ఉండిపోయిందని యూరిపిడీస్ క్రీ.పూ. 412లో నాటకం ఆడించాడు. పండితురాలు వెండీ డోనిగర్ సీతనూ హెలెన్‌నూ పక్కపక్కన పెట్టి ఒక పుస్తకం రాసింది. జీన్‌ను ఆ వరసలో మూడో పీట మీద కూర్చోబెట్టవచ్చు.

మాయాసీత సంగతి ఒక భక్తుడికి ఎలా చేరిందో కృష్ణదాస కవిరాజు బెంగాలీలో రాసిన చైతన్య చరితామృతం చెబుతుంది. గోదావరి ఒడ్డున రామానందరాయలను కలిసిన దక్షిణ యాత్రలోనే చైతన్యుడు మధురకు (మదురైకి) వెళ్ళాడు. అక్కడ ఒక బ్రాహ్మణుడు ఆయనను భోజనానికి పిలిచి, తాను మాత్రం పస్తున్నాడు. ఎందుకంటే సీతమ్మను రాక్షసుడు ముట్టుకున్నాడు; ఆ మాట విన్నాక బతకబుద్ధి కావడం లేదు. రావణుడు అసలు సీతను చూడను కూడా లేడు, తీసుకుపోయింది మాయను అని చైతన్యుడు ఓదార్చాడు. ఆ బ్రాహ్మణుడు నమ్మి తిన్నాడు. కథ అక్కడితో ఆగితే మామూలు ఓదార్పే. కానీ తర్వాత రామేశ్వరంలో చైతన్యుడు కూర్మపురాణం వింటుండగా సరిగ్గా ఆ ఘట్టమే వచ్చింది. ఆయన ఆ పత్రానికి కొత్త నకలు రాయించి గ్రంథంలో పెట్టించి, నమ్మకం కుదరడానికి పాత పత్రమే అడిగి తీసుకుని, వెనక్కి మధుర దాకా వెళ్ళి ఆ బ్రాహ్మణుడి చేతిలో పెట్టాడు. 137వ సంచిక చదివి కుమిలిపోతున్న మిత్రుడికి 286వ సంచిక వెతికి తెచ్చిచ్చే అమెరికన్ అభిమాని చేసేదీ ఈ పనే. మాట సరిపోదు, దాఖలా కావాలి.

అయితే ఈ ఓదార్పు ఊరికే రాదు. అసలు సీత అగ్ని దగ్గర క్షేమంగా ఉంటే అశోకవనంలో అన్ని నెలలు గడ్డిపరకను అడ్డుపెట్టుకుని రావణుడికి ఎదురు నిలిచింది ఎవరు? ఆ తెగువ ఎవరి ఖాతాలో వేయాలి? జీన్ విషయంలోనూ అంతే. నేరం నకలుకు అంటగట్టగానే చంద్రుడి మీద చేసిన త్యాగం కూడా నకలుకే పోయింది. పాపం కడిగే ఊపులో పుణ్యమూ కొట్టుకుపోయింది. రచయితలకూ ఇది కొరుకుడుపడలేదు కాబోలు, 1989లో ‘ఎక్స్-ఫ్యాక్టర్’ 38వ సంచికలో ఫీనిక్స్ జ్ఞాపకాలన్నీ జీన్‌లోకి వచ్చి చేరతాయి. ఇక ఆమె ఆ పని చెయ్యలేదు గానీ చేసినట్టు గుర్తుంది! ఒక మనిషి నిన్నా ఇవాళా ఒకే మనిషి కావడానికి జ్ఞాపకమే ఆధారమన్నాడు పదిహేడో శతాబ్దపు తత్వవేత్త జాన్ లాక్. ఆయన లెక్క ప్రకారమైతే నక్షత్రాన్ని మింగిన నేరం తిరిగి జీన్ మెడకే చుట్టుకుంటుంది. షూటర్ మూసిన తలుపును ఆయన సంస్థే మూడేళ్ళలో ఓరగా తెరిచింది.

కథలో పొరపాటు దొరికితే అది పొరపాటు కాదని నిరూపించే అలవాటు మార్వెల్ పాఠకులకు ఊరికే అబ్బలేదు, దానికి బహుమతే ఉండేది. 1964లో ‘ఫెంటాస్టిక్ ఫోర్’ 25వ సంచికలో స్టాన్ లీ హల్క్ అసలు పేరు మరచిపోయాడు. బ్రూస్ బ్యానర్ కాస్తా బాబ్ బ్యానర్ అయ్యాడు. పాఠకులు పట్టుకున్నారు. లీ తడుముకోకుండా అతని పూర్తి పేరు రాబర్ట్ బ్రూస్ బ్యానర్ అని ప్రకటించాడు. ఇవాళ హల్క్ పరిచయం ఎక్కడ చూసినా అదే పేరు. ఇలాంటి తప్పులు చూపినవాళ్ళకు ‘నో-ప్రైజ్’ ఇచ్చేవారు: విజేతకు అభినందనలు ముద్రించిన కవరు, లోపల ఏమీ ఉండదు. తర్వాత సంపాదకుడైన మార్క్ గ్రూన్‌వాల్డ్ నిబంధన బిగించాడు. తప్పు పడితే చాలదు, అది తప్పెలా కాదో కూడా చెప్పాలి. భాష్యకారుల పని సరిగ్గా ఇదే. యాగానికి వరి అని ఒక వేదవాక్యం, యవలు అని మరో వేదవాక్యం ఉంటే మీమాంసకులు ఏదీ కొట్టెయ్యలేదు. రెంటికీ చోటిచ్చి, అలా చోటివ్వడంలో ఎనిమిది దోషాలున్నాయనీ తామే లెక్కగట్టారు. ఖాళీ కవరు ఆశ కూడా లేకుండా.

ఈ గ్రూన్‌వాల్డ్ స్వతహాగా అభిమాని. ఉద్యోగం రాకముందే కామిక్స్ లోకాల వాస్తవికత మీద సొంత ఖర్చుతో చిన్న పత్రిక నడిపాడు. 1978లో మార్వెల్‌లో చేరి, ఆ విశ్వానికి అధికారిక నిఘంటువులాంటి గ్రంథాన్ని నడిపించాడు. 1996లో, 43 ఏళ్ళకు, గుండె ఆగి చనిపోయాడు. ఆయన కోరిక మేరకు చితాభస్మాన్ని తాను రాసిన ‘స్క్వాడ్రన్ సుప్రీమ్’ పుస్తకం అచ్చువేసే సిరాలో కలిపారు. గంగలో కలపడం తెలిసిన మనకు కూడా ఇది కొంచెం ఎక్కువే అనిపిస్తుంది.

తప్పు సర్దడం ఎంత గొప్ప సాహిత్యం కాగలదో చూడాలంటే కెప్టెన్ అమెరికా దగ్గరకు వెళ్ళాలి. 1964లో ‘అవెంజర్స్’ నాలుగో సంచిక అతను 1945 నుంచి మంచులో గడ్డకట్టి ఉన్నాడంది. బాగానే ఉంది, కానీ 1953–54లో కమ్యూనిస్టులను చావబాదుతూ అదే పేరుతో అచ్చయిన కథల సంగతేమిటి? మరచిపోతే సరిపోయేది. స్టీవ్ ఇంగిల్‌హార్ట్ 1972లో మరచిపోలేదు. ఆ యాభైల వీరుడు వేరే మనిషి అన్నాడు: కెప్టెన్ మీద పిచ్చి అభిమానంతో అతని ముఖం, పేరు తగిలించుకుని, లోపమున్న మందు వాడి మతి చెడి, ఎవరిని చూసినా ఎర్రజెండాయే కనిపించే స్థితికి వచ్చినవాడు. ఇక్కడా నేరం మోసేది నకలే. మెకార్తీ కాలపు అమెరికా సిగ్గును దించుకోవడానికి ఒక మాయాకెప్టెన్ దొరికాడు. తేడా ఒక్కటే. ఇంగిల్‌హార్ట్ ఆ నకలును అసలువాడి ముందుకు తెచ్చి నిలబెట్టాడు. ఇద్దరినీ విడదీసింది అదృష్టమే తప్ప గుణం కాదేమో అన్న అనుమానం చదివినవాడిలో మిగులుతుంది. మాయాసీతకు మాట్లాడే అవకాశం ఇంత సూటిగా ఎవరూ ఇవ్వలేదు.

వరస దగ్గరకు మళ్ళీ వద్దాం. జరిగిన క్రమం ఒకటి, రాసిన క్రమం ఒకటి, చదివే క్రమం ఇంకొకటి. కొత్త నిబంధనలో సువార్తలు ముందుంటాయి, పౌలు ఉత్తరాలు తర్వాత వస్తాయి. రాసింది మాత్రం ఆ ఉత్తరాలే ముందు. ఖురాన్‌లో సూరాలు చాలావరకు పెద్దవి ముందు, చిన్నవి వెనక ఉంటాయి. అవతరించిన క్రమం అది కాదు, దాన్ని తేల్చడం వేరే శాస్త్రం. ఎక్స్-మెన్ జట్టులోని వుల్వరిన్ తొలిసారి కనిపించింది 1974లో. అతని ఎముకలకు లోహం పూసిన సంగతి చెప్పే ‘వెపన్ ఎక్స్’ వచ్చింది 1991లో. జరిగిన క్రమం అంటూ దాన్ని ముందు చదివించే పెద్దమనిషి పదిహేడేళ్ళ రహస్యాన్ని ఒక్క సాయంత్రంలో ఖర్చుపెట్టిస్తాడు.

డీసీ సంస్థ వాళ్ళది ఇంకో దారి. 1940 నాటి ఫ్లాష్ వేరు, 1956 నాటి ఫ్లాష్ వేరు అయితే ఇద్దరికీ చెరో భూమి ఇచ్చేస్తే సరి అని 1961లో గార్డనర్ ఫాక్స్ కథ రాశాడు. భూములు పెరిగిపోయాయి. కొత్త పాఠకులకు అర్థం కావడం లేదని 1985–86లో మార్వ్ వుల్ఫ్‌మన్, జార్జ్ పెరెజ్ పన్నెండు సంచికల ‘క్రైసిస్ ఆన్ ఇన్ఫినిట్ ఎర్త్స్’తో అన్నింటినీ కలిపి ఒకే భూమి, ఒకే చరిత్ర చేశారు. ఇలాగే రెండో శతాబ్దంలో టేషియన్ అనే సిరియా క్రైస్తవుడు నాలుగు సువార్తలను ఒకే కథగా అల్లాడు. సిరియాలో కొన్ని తరాలు దాన్నే చదివారు. ఐదో శతాబ్దంలో బిషప్ థియొడరెట్ తన ప్రాంతంలో రెండు వందలకు పైగా ప్రతులు ఏరించి, వాటి స్థానంలో విడివిడి నాలుగూ పెట్టించాడు. పొంతన లేకపోయినా నలుగురు సాక్షులే మేలనుకుంది చర్చి. డీసీకి ఆ తెలివి రావడానికి ఇరవై ఏళ్ళు పట్టింది. 2007 నాటికి యాభై రెండు భూములు తిరిగి వచ్చాయి.

ఈలోగా ఒకామెకు అన్యాయం జరిగిపోయింది. ‘క్రైసిస్’ ఏడో సంచికలో సూపర్‌గర్ల్ కారా, సూపర్‌మ్యాన్‌ను కాపాడుతూ చనిపోయింది. తర్వాత కొత్త చరిత్రలో పుట్టిన గ్రహమైన క్రిప్టాన్ నుంచి బతికి బయటపడ్డది సూపర్‌మ్యాన్ ఒక్కడే అన్నారు. అంటే అతనికి కారా అనే చెల్లెలే లేదు. లోకాన్ని కాపాడింది, ఆ లోకంలో తానెప్పుడూ పుట్టలేదు. జరిగింది చెరిగిపోతే త్యాగం త్యాగమేనా? అలాన్ బ్రెన్నెర్ట్ 1989లో క్రిస్మస్ ప్రత్యేక సంచికకు రాసిన చిన్న కథలో డెడ్‌మ్యాన్ అనే ఆత్మ, తన మేలు ఎవరికీ తెలియడం లేదని వాపోతుంటాడు. ఒక బంగారుజుట్టు అమ్మాయి వచ్చి, ఎవరో మెచ్చుకోవాలని మనం మంచి చెయ్యడం లేదు కదా అన్నట్టు మందలిస్తుంది. పేరడిగితే కారా అంటుంది, నీకు తెలిసి ఉండదులే అని కూడా అంటుంది. సంస్థ లెక్కల ప్రకారం లేని మనిషి, ఆ సంస్థ పత్రికలోనే వచ్చి నిష్కామకర్మ బోధించి పోయింది.

2021 ఆరంభంలో ‘డెత్ మెటల్’ అనే కథామాల ముగింపుతో డీసీ పాత చరిత్రలన్నీ జరిగినట్టే లెక్క అని తేల్చింది. దాంతో వరసలు రాసిచ్చేవాళ్ళ పని తగ్గలేదు. ఆ క్రిస్మస్ కథను కారా మరణం వెంటనే పెట్టవచ్చు, దుఃఖం తాజాగా ఉంటుంది. అచ్చయిన చోటే, 1989 పత్రికల మధ్య ఉంచవచ్చు, అప్పుడు ఆ పేరు వినగానే పాఠకుడు ఉలిక్కిపడతాడు. అప్పటి చరిత్రలో ఆమె లేదు కాబట్టి అసలు చేర్చకుండానూ ఉండవచ్చు. ఈ మూడో పద్ధతివాళ్ళు పట్టికలో దానికి అంకె వెయ్యరు గానీ, అడక్కపోయినా ఆ కథ సంగతి చెప్పకుండా మాత్రం వదలరు.