శునక నర్తనంలో కర్త ఎవరు?

సంగీతానికి అనుగుణంగా మనిషీ శునకమూ కలిసి ప్రదర్శించే 'కెనైన్ ఫ్రీస్టైల్' అనే క్రీడ 1990ల నుండి ఇంగ్లాండులోను, ఉత్తర అమెరికాలోను రూపు దిద్దుకొన్నది. శునకం ప్రధానంగా శిక్షకుని చెంతనే నడిచే విభాగాన్ని బ్రిటన్‌లో 'హీల్‌వర్క్ టు మ్యూజిక్' అని వ్యవహరిస్తారు. అయితే ఈ ప్రదర్శనలో నర్తించేది నిజానికి ఎవరు?

న్యాయదర్శనం ప్రకారం జ్ఞానం, చికీర్ష అనబడే చేయవలెనన్న ఇచ్ఛ, కృతి అనబడే ప్రయత్నం గలవాడే కర్త. సంగీతాన్ని తామే అనుసరించే జంతువులు లేకపోలేదు: 2009లో స్నోబాల్ అనే కాకటూ పక్షి పాట వేగాన్ని బట్టి తన కదలికను మార్చుకొంటున్నదని పరిశోధకులు నిరూపించారు. శునక ప్రదర్శనలో మాత్రం శిక్షకుడే శునకపు నడక వేగాన్ని గమనించి, దానికి సరిపడే పాటను ఎన్నుకొంటాడు గనుక, సంగీతమే జంతువును అనుసరిస్తున్నది. ఇది లోపం కాదు, గౌరవించదగిన వినయం.

శిక్షణలోని 'షేపింగ్' పద్ధతి మరింత ఆలోచింపజేస్తుంది. శునకం తనంత తానుగా గిరికీ వంటి ఒక కదలికకు పూనుకొనే వరకు శిక్షకుడు ఓపికతో వేచి ఉండి, ఆ క్షణాన్నే క్లిక్కర్ అనే చిన్న పరికరపు శబ్దంతో గుర్తించి తినుబండారం ఇస్తాడు. కాబట్టి ప్రయత్నమూ ఇచ్ఛా నిస్సందేహంగా శునకానివే. ఆ గిరికీ ఒక నృత్యంలో భాగమన్న జ్ఞానం మాత్రం దానికి ఉన్నదనలేము. అందుచేత శునకం గిరికీకి కర్త, నృత్యానికి సహచారి అనడమే న్యాయం. ముఖం తిప్పుకోవడం, పెదవులు నాకుకోవడం వంటి ఒత్తిడి సంకేతాలను శిక్షకుడు ఉపేక్షించిన చోట ఆ సాహచర్యం కూడా మిగలదు.