పూడిపోయిన రేవు

చదువవలసిన భాగములు: అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయము, ప్రకటన 2:1–7.



ఈ నెల మనము ఎఫెసు పట్టణమును ఒక దినమెల్ల చూచి వత్తము. అది నేటి తుర్కీ దేశపు పడమటి భాగమున, సెల్చుక్ అను ఊరి చెంతనున్నది. దగ్గరనున్న పెద్ద పట్టణము ఇజ్మీరు. అదియే బైబిలులోని స్ముర్న. మార్గదర్శి యాత్రికులను నడిపించు వరుసనే మనమును బైబిలు చేతబట్టుకొని నడుతము.

ఉదయమున ఎగువ ద్వారమున ప్రవేశించినచో పాలరాతి వీధి దిగువకు పోవుచుండును. ఇరుప్రక్కల విరిగిన స్తంభములు, స్నానశాలలు, ధనికుల యిండ్లు కనబడును. వీధి చివర సెల్సు గ్రంథాలయపు ముఖభాగము రెండంతస్తులుగా నిలిచియున్నది. రోమా అధిపతియైన తండ్రి జ్ఞాపకార్థము కుమారుడు రెండవ శతాబ్దమున దానిని కట్టించెను. కూలిన రాళ్లను పండితులు 1970–78 సంవత్సరములలో మరల పేర్చి నిలిపిరి.

ఈ ఊరిలోనే పౌలు తురన్ను పాఠశాలలో రెండేండ్లు ప్రతిదినము బోధించెను. ఈ ఊరిలోనే మాంత్రిక విద్య నేర్చినవారు 50,000 వెండి రూకల వెలగల తమ పుస్తకములను తామే తెచ్చి అందరియెదుట కాల్చివేసిరి. మొదటి ప్రేమయనగా అట్టిది. ఎంత నష్టమైనను వెనుదీయదు.

మరికొంత దూరము నడిచినచో కొండ ప్రక్కను కట్టిన గొప్ప నాటకశాల. అందులో దాదాపు 24,000 మంది కూర్చుండవచ్చును. తన జీవనమునకు నష్టము వచ్చునని దేమేత్రియ అను కంసాలి తోటి పనివారిని రేపగా, జనులు ఇక్కడనే రెండు గంటలసేపు అర్తెమిదేవి పేర కేకలు వేసిరి. ఆ కేకలు సంఘమును ఆర్పలేకపోయెను.

నాటకశాల మెట్లపై నిలిచి ఎదుటికి చూడుడి. తిన్నని రాతివీధి యొకటి రేవువైపు సాగుచున్నది. కాని దాని చివర సముద్రము లేదు. గడ్డియు బురదనేలయు మాత్రమే. సముద్రము అనేక కిలోమీటర్ల దూరమునకు తొలగిపోయినది. కైస్టరు నది ఏటేట తెచ్చిన ఒండ్రు రేవును పూడ్చివేసెను. చెరువు పూడిక ఎరిగిన మనకు దీనిని వేరుగ వివరింప నక్కరలేదు. ఒక్క వరదకు చెరువు పూడదు. పూడుచున్న సంగతి ఆ ఏడు ఎవరికిని తెలియదు.

స్ట్రాబో అను ప్రాచీన భూగోళ గ్రంథకర్త ఈ రేవునుగూర్చి ఒక సంగతి వ్రాసెను. పెర్గము రాజైన అత్తాలు కాలమున, రేవు లోతగునని తలంచి, అడ్డుకట్ట వేసి దాని ముఖద్వారమును ఇరుకుచేసిరి. ఫలితము తలక్రిందులాయెను. ఒండ్రును సముద్రములోనికి లాగుకొనిపోవు అలల రాకపోకలు లోపల తగ్గెను; ఒండ్రంతయు లోపలనే నిలిచి రేవు మరింత మెరకయాయెను.

ప్రియులారా, ప్రభువు ఎఫెసు సంఘమునకు వ్రాయించిన మాటలను ఇప్పుడు చదువుడి. వారు కష్టపడిరి, సహించిరి, అబద్ధపు అపొస్తలులను పరీక్షించి కనిపెట్టిరి. ప్రభువు దీనిని మెచ్చుకొనెను. ద్వారమును కాయుట తప్పు కాదు. కాని ద్వారము కాచుచుండగా లోపల ప్రేమ పూడిపోయెను.

మన సంఘములలోను హాజరుపట్టీ కలదు, కానుకల లెక్క కలదు, బోధలో తప్పు దొరలిన వెంటనే పట్టుకొను పెద్దలు కలరు. అయినను సంఘ ఎన్నికలలో మాటపడిన సహోదరులిద్దరు ఒకే బల్లయొద్ద మోకరించి, దారిలో ముఖము త్రిప్పుకొని పోవుదురు. కూలిపని ముగించి ఆలస్యముగా వచ్చిన విధవరాలికి చాపమీద జరిగి చోటిచ్చువారుండరు. ఇదే పూడిక.

మధ్యాహ్నము అర్తెమిదేవి గుడియున్న స్థలమునకు పోవుదము. లోకపు ఏడు వింతలలో ఒకటిగా పేరొందిన ఆ గుడిలో నేడు నిలిచియున్నది, ముక్కలు పేర్చి నిలిపిన ఒక్క స్తంభము. రేవు వీధి దగ్గర, 431వ సంవత్సరమున బిషప్పులు మహాసభగా కూడిన మరియ దేవాలయమును శిథిలమై యున్నది. పట్టణము పాడగుటకు భూకంపములు, యుద్ధములు, పూడిక మొదలగు కారణములు అనేకములు. ఆ రాళ్లను చూపి అచ్చటి విశ్వాసులకు తీర్పు తీర్చుట మన పని కాదు. దీపస్తంభమును తీసివేయుదునన్న హెచ్చరిక మనకును చెందినదే.

సాయంకాలమున అయసులూకు కొండయెక్కుదము. అచ్చట యోహాను సమాధియని పూర్వికులు నమ్మిన చోట జస్టీనియను చక్రవర్తి ఆరవ శతాబ్దమున గొప్ప దేవాలయము కట్టించెను. యోహాను మిక్కిలి వృద్ధుడైనప్పుడు శిష్యులు అతనిని సభకు మోసికొని వచ్చెడివారనియు, ఒకరినొకరు ప్రేమించుకొనుడని మాత్రమే అతడు ప్రతిసారి చెప్పుచుండెననియు జెరోము వ్రాసెను. అదే మాట ఏల చెప్పుచున్నావని అడుగగా, అది ప్రభువు ఆజ్ఞ, అది నెరవేరిన చాలునని బదులు చెప్పెనట.

ప్రభువు చూపిన మార్గము మూడు మెట్లు: ఎక్కడనుండి పడితిమో జ్ఞాపకము చేసికొనుట, మారుమనస్సు పొందుట, మొదటి క్రియలు మరల చేయుట. పూడిక తీయుట తట్టతట్టగా జరుగు పని. వచ్చే ప్రభురాత్రి భోజనమునకు ముందు మనలో ప్రతివాడును మాటలాడని ఒక్క యింటికి పోయి గడపయొద్ద పలుకరించునుగాక. అదియే మొదటి తట్ట.

ప్రభువా, మా హృదయముల పూడికను మాకు చూపుము. మా మధ్యనున్న నీ దీపము ఆరిపోకుండ కాపాడుము. ఆమేన్.