పెరిగే పాదం, మారే కొలత

పసిబిడ్డ పాదంలో చాలా భాగం ఇంకా ఎముకగా మారని మృదులాస్థి. దాని మీద మెత్తని కొవ్వు పొర ఉంటుంది. పెద్దయ్యాక ఉండే 26 ఎముకలూ పూర్తిగా గట్టిపడేసరికి కౌమారం గడిచిపోతుంది. పొడవు మాత్రం తొందరగా సాగుతుంది. ఆడపిల్లల్లో ఏడాదికి, మగపిల్లల్లో ఏడాదిన్నరకు పాదం తన పూర్తి పొడవులో సగానికి చేరుతుంది. నడక నేర్చిన కొత్తలో రెండు మూడు నెలలకే జోళ్లు చాలకుండా పోతాయి. బడి ఈడు వచ్చాక కూడా నాలుగైదు నెలలకోసారి చూసుకోక తప్పదు. మెత్తని పాదం ఇరుకు బూటులో ఎదురుతిరగదు, ఒదిగిపోతుంది. నొప్పి తెలియకముందే వేళ్లు ఒకదాని మీదికి ఒకటి ఎక్కవచ్చు. అందుకే బిడ్డకు జోళ్లు సరిపోయాయా లేదా అన్నది అంగడిలో తేలిపోయే మాట కాదు. ఆ ప్రశ్న లోపల ఇంకొకటి ఉంది: తనది కాని ఒంట్లోని బాధను మనిషి ఎలా తెలుసుకోవాలి? తెలుసుకునే బాధ్యత ఎవరిది?

భార్యను వదిలేసిన ఒక రోమన్ సంగతి ప్లూటార్క్ చెబుతాడు. స్నేహితులు తప్పుపట్టినప్పుడు అతడు తన జోడు చూపించి, ఇది పైకి ఎంత బాగున్నా ఎక్కడ నొక్కుతోందో తొడిగినవాడికే తెలుసన్నట్టు జవాబిచ్చాడట. పెద్దవాడి విషయంలో ఆ జవాబు చాలు. రెండేళ్ల బిడ్డ విషయంలో చాలదు. తొడిగేది బిడ్డ, ఎంచి కొనేది మరొకరు, నొక్కుతున్న చోటు చెప్పే మాటలేమో ఆ బిడ్డకు ఇంకా రాలేదు.

ఈ చిక్కును విప్పడానికి న్యాయదర్శనం పనికొస్తుంది. గౌతముడి న్యాయసూత్రాలు జ్ఞానానికి ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అని నాలుగు ప్రమాణాలు చెప్పాయి. ఆ దర్శనంలో సుఖదుఃఖాలు ఆత్మగుణాలు. ఎవరివి వారికే, మనసు ద్వారా ప్రత్యక్షమవుతాయి. బిడ్డ కాలి నొప్పి తల్లికి ప్రత్యక్షం కాదు. ఉపమానానికి ఇక్కడ పెద్దగా పనిలేదు. ఇక మిగిలినవి శబ్దం, అంటే బిడ్డ చెప్పే మాట; అనుమానం, అంటే గుర్తులను బట్టి తల్లి చేసే ఊహ. మాట ప్రమాణం కావాలంటే చెప్పేవాడు ఆప్తుడై ఉండాలి. సూత్రాలకు భాష్యం రాసిన వాత్స్యాయనుడి లెక్కలో, విషయాన్ని స్వయంగా ఎరిగి, ఎరిగినది ఎరిగినట్టే తెలియజెప్పాలని కోరుకునేవాడు ఆప్తుడు. అంగడిలో నిలబడ్డ పిల్లకు మొదటి అర్హత ఉంది, రెండోది ఉండకపోవచ్చు. అడుగు వేస్తే లైటు వెలిగే బూట్లు ఒకసారి కాలికెక్కాక, వాటిని విప్పి ఇచ్చేయాల్సి వస్తుందన్న భయంతో సరిపోయాయనే అంటుంది.

ఇంకో రకం పిల్లలున్నారు. వాళ్ల గురించి మరింత ఆలోచించాలి. ఇంట్లో డబ్బుకు కటకటగా ఉందని తెలిసిన పిల్లవాడు వేళ్లు ముడుచుకుని నడుస్తూ, ఈ ఏడాదికి ఇవే చాలంటాడు. ఆ అబద్ధం తల్లిదండ్రుల మీద ప్రేమతో పుట్టినది. అయినా అది జ్ఞానానికి ఆధారం కాదు. అడిగితే బాగానే ఉన్నాయన్నాడు కదా అని ఊరుకున్నంత మాత్రాన పెద్దల బాధ్యత తీరదు. పిల్లవాడి మంచితనం ఎంత ఎక్కువైతే, అతడి మాట దాటి చూడవలసిన అవసరం అంత ఎక్కువ.

అలా చూడడమే అనుమానం. ఏరు నిండుగా, వడిగా పారుతుంటే ఎగువన వాన కురిసిందని ఊహించినట్టు, కార్యాన్ని బట్టి కారణాన్ని పట్టుకోవడాన్ని నైయాయికులు శేషవత్ అన్నారు. బూటు విప్పాక మడమ మీద ఎర్రని గీత, చిటికెన వేలి పక్కన బొబ్బ, వేళ్ల మీద కాయ కాసిన చర్మం, ఉన్నట్టుండి ఎత్తుకోమని పేచీ, దొరికిన చోటల్లా జోళ్లు విప్పి పారేయడం: ఇవన్నీ అలాంటి గుర్తులే. అయితే ప్రతి గుర్తూ నమ్మదగినది కాదు. చాలామంది బూటు ముందు భాగాన్ని బొటనవేలితో నొక్కి చూస్తారు. అలా నొక్కగానే పిల్లలు తెలియకుండానే వేళ్లు వెనక్కి ముడుస్తారు. లోపల ఖాళీ ఉన్నట్టు చేతికి తోస్తుంది. తర్కంలో దీన్ని హేత్వాభాసం అంటారు, అంటే హేతువులా కనిపించి హేతువు కానిది. ఇంతకంటే నమ్మకమైన పద్ధతులు తేలికైనవే. బూటు లోపలి అట్ట ఊడివచ్చేదైతే దాన్ని బయటికి తీసి, బిడ్డను దాని మీద నిలబెట్టి చూడాలి. కూర్చున్నప్పటి కంటే నిలబడినప్పుడు, పొద్దుటి కంటే సాయంత్రం పాదం కాస్త పెద్దదిగా ఉంటుంది. రెండు పాదాలూ సమానంగా ఉండవు గనుక రెండింటినీ కొలిచి పెద్దదాన్ని బట్టి కొనాలి. వెడల్పు కూడా చూడాలి.

లోపలి సంగతి అనుమానంతో పనిలేకుండా కంటికే కనిపించాలన్న కోరిక ఇరవయ్యో శతాబ్దంలో ఒక యంత్రాన్ని పుట్టించింది. 1920ల నుంచి అమెరికా, ఐరోపా దేశాల్లోని బూట్ల దుకాణాల్లో ఎక్స్‌రే పెట్టెలు ఉండేవి. పిల్లవాడు పెట్టె మీదికెక్కి కాళ్లు లోపల పెడితే, బూటులో ఉన్న పాదం ఎముకలు పైన తెర మీద కనిపించేవి. తల్లిదండ్రులు వంగి చూసి తృప్తిపడేవారు. ఆ కిరణాల హాని గురించి వైద్యులు హెచ్చరించాక, 1957లో పెన్సిల్వేనియా రాష్ట్రం వాటిని నిషేధించింది. తక్కినచోట్లా అవి క్రమంగా కనుమరుగయ్యాయి. నొక్కుకుపోతున్న మెత్తని భాగాన్ని ఎముకల నీడ సరిగా చూపలేదు, నొప్పిని అసలే చూపలేదు. చూపు మాత్రమే జ్ఞానమనుకున్న పెద్దల పొరపాటుకు పిల్లల ఒళ్లు మూల్యం చెల్లించింది.

కొలతనే నమ్ముకోవడంలోనూ ఇలాంటి ప్రమాదం ఉంది. క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దపు చైనా తాత్త్వికుడు హాన్ ఫై చెప్పిన కథలో ఒకడు ఇంట్లో తన పాదం కొలుచుకుని, ఆ కొలత మరిచి సంతకు వెళతాడు. దాని కోసం ఇంటికి పరుగెత్తి తిరిగి వచ్చేసరికి సంత ముగిసిపోతుంది. కాళ్లు దగ్గరే ఉన్నా వాటికి తొడిగి చూడడానికి అతడు ఒప్పుకోడు. నిరుటి సైజు చెప్పి ఈ ఏటి బూట్లు తెచ్చే ఇళ్లలో జరిగేది అదే. స్టోయిక్ తాత్త్వికుడు ఎపిక్టెటస్ దీనికి ఎదురు దిక్కు నుంచి వచ్చాడు. జోడుకు పాదం కొలత అయినట్టే మనిషి సంపదకు అతడి దేహావసరం కొలత కావాలనీ, ఆ హద్దు దాటాక బంగారు పూత, ఊదా రంగు, కుట్టుపని అంటూ కోరికకు అంతుండదనీ అతడి బోధ. కొలత వస్తువులో కాదు, మనిషిలో ఉందన్నది అందులోని బలం. కానీ ఎపిక్టెటస్ ఊహించిన పాదం పెద్దవాడిది, స్థిరమైనది. బిడ్డ విషయంలో కొలతే కదులుతూ ఉంటుంది. కాబట్టి ఇక్కడ న్యాయంగా ఉండడమంటే ఒకసారి సరిగ్గా కొలవడం కాదు, మళ్లీ మళ్లీ కొలవడం.

దీని నుంచి తప్పించుకోవడానికి ఇళ్లలో వాడుకలో ఉన్న ఉపాయం, పెరిగే పిల్లలు కదా అని రెండు సైజులు పెద్దవి కొనడం. దీని వెనక పొదుపు ఉంది, ముందుచూపు ఉంది. నష్టం మాత్రం ఇప్పటి బిడ్డకు. వదులు బూటులో పాదం ముందుకు జారుతుంది, మడమ లేచిపోతుంది, జోడు ఊడకుండా పట్టుకోవడానికి వేళ్లు ముడుచుకుంటాయి, పరుగెత్తితే బిడ్డ పడిపోతుంది. వచ్చే ఏటి బిడ్డ కోసం ఈ ఏటి బిడ్డను ఇబ్బంది పెట్టడం న్యాయమేనా? పాదాల నిపుణులు అన్నిటికంటే పొడవైన వేలి ముందు సుమారు 12 మిల్లీమీటర్ల ఖాళీ ఉంచమంటారు. పెరుగుదలకు ఇవ్వదగిన చోటు అంతే. అక్క బూట్లు తమ్ముడికి వేయడమూ ఇలాంటిదే. బట్టలు అలా చేతులు మారడం మంచి అలవాటు. బూటు అడుగు మాత్రం మొదట తొడిగిన కాలి నడకను బట్టి అరిగి ఉంటుంది.

అసలు జోళ్లు ఎంతవరకు అవసరం అన్న ప్రశ్న కూడా వదిలేయదగినది కాదు. కర్ణాటకలో నాలుగు నుంచి పదమూడేళ్ల పిల్లలు 2300 మంది పాదముద్రలు పరిశీలించి రావు, జోసెఫ్ అనే వైద్యులు 1992లో ఫలితాలు ప్రచురించారు. జోళ్లు వాడే పిల్లల్లో చదును పాదాలు 8.6 శాతం, వాడని పిల్లల్లో 2.8 శాతం. వేళ్లు మూసే బూట్లు వేసుకునేవారిలో సమస్య ఎక్కువ, చెప్పులు వేసుకునేవారిలో తక్కువ. గాజు పెంకులు, మేకులు, కొంకి పురుగులు, ఎండకు కాలే తారురోడ్డు ఉన్నచోట జోడు కావాలి. ఇంట్లో, శుభ్రమైన మట్టి నేల మీద అక్కర్లేదు. పాదం దానంతట అది సక్రమంగా పెరగగలదని, జోడు పని దాన్ని కాపాడడమే తప్ప తీర్చిదిద్దడం కాదని దీన్నిబట్టి అనుకోవాలి. తీర్చిదిద్దాలన్న కోరిక ఎంతదూరం పోగలదో చైనాలో చాలా శతాబ్దాలు సాగిన పాదబంధనం చూపింది. చిన్నారి ఆడపిల్లల వేళ్లు అరికాలి కిందికి మడిచి గుడ్డతో బిగించి కట్టేవారు. ఆ పని చేసింది ఎక్కువగా తల్లులే, బిడ్డ మేలు కోరే. ప్రేమ ఉన్నంత మాత్రాన కొలత సరైనది కాదు.

కొనే స్తోమత లేని ఇంటి బిడ్డ విషయంలో ఈ బాధ్యత సమాజానిది. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో మొదలైన పథకం కింద ప్రభుత్వ బడి పిల్లలకు పుస్తకాలు, యూనిఫాంతో పాటు బూట్లు, సాక్సులు చేరాయి. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ లక్ష మందికి పైగా భారతీయుల పాదాలు కొలిచి, బ్రిటిష్ సైజుల స్థానంలో ‘భ’ అనే దేశీయ పద్ధతిని ప్రతిపాదించింది. రెండూ మంచి పనులే. అయితే కొలత తీసుకున్న నాటికీ బూట్లు చేతికందే నాటికీ మధ్య నెలలు గడిస్తే పాదం ఆగి ఉండదు. బ్రిటిష్ పద్ధతిలో ఒక సైజుకూ తర్వాతి సైజుకూ తేడా సుమారు 8.5 మిల్లీమీటర్లే, చిన్న తరగతుల పిల్లలు ఒక్క విద్యా సంవత్సరంలో దాన్ని దాటేయగలరు. పంపిణీ రోజున ప్రతి బిడ్డకూ తొడిగి చూడడం, మార్చి ఇవ్వడానికి అదనపు జతలు బడిలోనే ఉంచడం, దసరా సెలవుల తర్వాత మరోసారి కొలవడం ఆ పనిలో భాగం కావాలి.