తలుపులు తెరచుకొన్న రాత్రి

వాక్యభాగము: అపొస్తలుల కార్యములు 16:25–34



ఫిలిప్పీ చెరసాలలో జరిగిన సంగతి మనము సండేస్కూలు నాటి నుండి విన్నదే. పౌలు సీలలు పరాయి ఊరిలో ఉన్నారు. వీపున దెబ్బలు, కాళ్లకు బొండ. మధ్యరాత్రివేళ భూమి కంపించింది, తలుపులు తెరచుకొన్నాయి, బంధకములు ఊడిపోయాయి. ఈ భాగము చదివిన ప్రతిసారీ మాకు 1993వ సంవత్సరపు ఒక రాత్రి గుర్తుకు వస్తుంది. సిగ్గుతో గుర్తుకు వస్తుంది.

ఆ యేడు మేము షోలాపూరులో ఉపాధ్యాయ శిక్షణ పొందుచున్నాము. సింధనూరు దగ్గరి క్యాంపులో తెలుగు పిల్లలకు కొన్నేండ్లు పాఠములు చెప్పి, ముప్పది దాటిన తరువాత మరల విద్యార్థులమయ్యాము. హాస్టలు గదిలో నలుగురము. ముగ్గురము తెలుగువారము. నాల్గవవాడు అప్పటి ఉస్మానాబాద్, ఇప్పటి ధారాశివ్ జిల్లాలోని ఒక పల్లెకు చెందిన మరాఠీ యువకుడు. సెప్టెంబరు 29న అనంత చతుర్దశి. వినాయక నిమజ్జనములు చూచి ఊరంతా ఆలస్యముగా నిద్రపోయింది. మా మరాఠీ మిత్రుడు మాత్రము జ్వరముతో ముందే పడుకొన్నాడు.

30వ తేదీ తెల్లవారుజామున 3 గంటల 56 నిమిషములకు మంచములు కదిలాయి. ట్రంకుపెట్టెలు గలగలలాడాయి. ఎవరో కేక వేశారు. చీకటిలో గోడలు తడుముకొంటూ బయటికి పరుగెత్తాము. ఆవరణలో వంటమనిషి నిలబడి, "అందరూ వచ్చారా?" అని మరాఠీలో అడిగాడు. మేము ఒకరి ముఖమొకరు చూచుకొని, ఒకటి, రెండు, మూడు అని తెలుగులో లెక్కపెట్టుకొని, "అందరమూ వచ్చాము" అన్నాము. "మరి జ్వరంతో ఉన్న అబ్బాయి ఏడీ?" అన్నాడాయన. మాకు నోట మాట రాలేదు. ఆయన లోపలికి వెళ్లి అతనిని భుజాన వేసుకొని తెచ్చాడు. ఆయన బైబిలు ఎరిగినవాడు కాడు. మేమో, ఆ రాత్రి మోకాళ్లూని ప్రార్థించి పడుకొన్నవారము.

మా హాస్టలు గోడలు బీటలు వారుటతో సరిపోయింది. కాని ఈశాన్యముగా, వంద కిలోమీటర్లకు అటూ ఇటూ దూరములో, లాతూరు జిల్లా కిల్లారి, ఉస్మానాబాద్ జిల్లా సాస్తూరు, వాటి చుట్టుప్రక్కల పల్లెలు నేలమట్టమయ్యాయి. భూకంప తీవ్రత 6.2. అక్కడి ఇండ్లు రాళ్లను మట్టితో పేర్చి కట్టిన మందపు గోడలవి. పైన దూలముల మీద మందముగా పరచిన మట్టి. ఎండకు చల్లగా ఉండునని కట్టుకొన్న ఆ ఇండ్లే నిద్రలో ఉన్నవారి మీద కూలాయి. దాదాపు 10,000 మంది మరణించారు. మా మిత్రుని ఇంట ఐదుగురిలో ఇద్దరే మిగిలారు. అతనిని బస్సు ఎక్కించుటకు వెళ్లాము. మమ్మును అతడు ఒక్క మాట అనలేదు. అనియుంటే మాకు కొంత తేలికగా ఉండేది.

ఆ దినములలో మన విశ్వాసులలో కొందరు, "అది దేవుని శిక్ష" అన్నారు. అట్లనుటకు మనకు అధికారము లేదు. సిలోయములో గోపురము పడి పదునెనిమిది మంది చనిపోయినప్పుడు, వారు తక్కినవారికంటె ఎక్కువ పాపులని తలంచవద్దని ప్రభువే చెప్పాడు (లూకా 13:4, 5). బ్రతికినవారు మారుమనస్సు పొందవలెనన్నది ఆయన మాట. ఆ రాత్రి మారుమనస్సు కావలసినది కిల్లారి వారికి కాదు, "అందరమూ వచ్చాము" అన్న మాకు.

ఇప్పుడు మరల ఫిలిప్పీకి రండి. పౌలుకు తలుపు తెరచియున్నది. పారిపోతే తప్పు పట్టేవారెవరు? దేవుడే విడిపించాడని సాక్ష్యము చెప్పుకోవచ్చును. అయితే ఖైదీలు పారిపోయారనుకొని చెరసాల నాయకుడు కత్తి దూసి తన ప్రాణము తీసుకొనబోయాడు. పౌలు బిగ్గరగా అరచి, ఎవరూ పోలేదని చెప్పి అతనిని ఆపాడు. తన కాళ్లకు బొండ వేసిన మనిషిని, వేరే జాతివానిని, పౌలు తన లెక్కలో చేర్చుకొన్నాడు. ఆ రాత్రే ఆ నాయకుడు వారి గాయములు కడిగి, ఇంటివారందరితో బాప్తిస్మము పొంది, వారికి భోజనము పెట్టాడు. తలుపు తెరచుకొనినది దేవుని అద్భుతమే. తెరచిన తలుపు దగ్గర పౌలు నిలిచిపోవుట కూడ ఆయన కృపయే.

ప్రియులారా, మన పెద్దలు పొట్ట చేతపట్టుకొని ఈ రాష్ట్రములకు వచ్చినప్పుడు, ఇక్కడివారు మనలను తమ లెక్కలో చేర్చుకొన్నారు. నీళ్లు ఇచ్చారు, బడిలో చోటు ఇచ్చారు. ఇప్పుడు మనకు ఇండ్లున్నాయి, మందిరములున్నాయి. మన లెక్క ఎంతవరకు? ఆదివారము మందిరములో కూర్చున్నవారి వరకేనా? మన పట్టణమునకు చదువుకొనుటకు వచ్చి హాస్టళ్లలో ఉన్న పిల్లలు ఎందరో మనకు తెలుసునా? ప్రతి సంఘములో ఒక నోటుపుస్తకము పెట్టండి. ఆ పిల్లల పేర్లు, ఇంటివారి ఫోను నంబర్లు వ్రాయండి. తెలుగువారివే కాదు, ప్రక్క గదిలో జ్వరముతో పడియున్న పరభాషవాని పేరు కూడ వ్రాయండి. వరద వచ్చినా, తుఫాను వచ్చినా, భూమి కదిలినా, ఎవరు రాలేదో మనము మొదట అడగవలెను.

తొంబదితొమ్మిదిని విడిచి ఒక్కదాని కొరకు వెళ్లిన మంచి కాపరి, లెక్క తప్పని మనస్సు మనకు దయచేయును గాక. ఆమేన్.