రథ మెక్కడ నున్నది?

అమెరికాలో మిచిగన్ రాష్ట్రమందలి డిట్రాయిట్, ఫ్లింట్ నగరముల చుట్టుపట్ల, మోటారుకార్ల కర్మాగారములో యౌవనమంతయు ధారపోసి పింఛను పుచ్చుకొన్న కార్మికుడు, ఇంటి వెనుక షెడ్డులో రెండో మూడో పాతకార్లను చేర్చుకొని, ఒకదాని ఇంజను విప్పుచు, మరియొకదాని తలుపునకు రంగు వేయుచు, పాతసామానుల సంతలలో ఏబదియేండ్లనాటి దీపపుటద్దము కొఱకు వెదకుచు కాలము గడపుట అచ్చటివారి కంత వింత కాదు. ప్రతి ఆగస్టులోను ఒక శనివారమున డిట్రాయిట్ వుడ్‌వర్డ్ రాజవీథిపై పాతకార్ల ఊరేగింపు జరుగును. 1995లో ఆరంభమైన ఆ ఉత్సవమున కోటీశ్వరుల కార్ల ప్రక్కనే ఈ కార్మికుల కార్లును తాపీగా సాగిపోవును.

ఈ వృద్ధుని చూచినప్పుడు మన సంప్రదాయములో పెరిగినవానికి సహజముగా తోచు ప్రశ్న యొకటి కలదు. ఇంద్రియములు సడలి, బాధ్యతలు తీఱి, మనస్సును లోనికి త్రిప్పుకొనవలసిన వానప్రస్థవయస్సున, తుప్పుపట్టు ఇనుముపై ఈ వ్యామోహ మేమి? పరిగ్రహము బంధమని చెప్పిన శాస్త్రములన్నియు ఈతని విషయమున మూగవోవునా? ప్రశ్న న్యాయమైనదే; తొందరపడి చెప్పెడి సమాధానము మాత్రము న్యాయమైనది కాజాలదు. తాను జీవితమంతయు చేసిన పని ఏ పూర్ణవస్తువులో కలిసిపోయినదో దానిని కన్నులార చూడగోరుటయే ఈ వ్యసనమునకు మూలమని నా అభిప్రాయము. అది నిరూపించుటకు ముందు ఆ పని ఎట్టిదో చెప్పవలయును.

1913వ సంవత్సరమున హైలాండ్ పార్కు కర్మాగారములో హెన్రీ ఫోర్డు కదలెడి అసెంబ్లీ లైనును నెలకొల్పెను. అంతవఱకు ఒక కారు చాసిస్సును కూర్చుటకు పండ్రెండున్నర గంటలు పట్టుచుండగా, కొలదిమాసములలోనే అది 93 నిమిషములకు దిగివచ్చెను. మనుష్యుడు పనికడకు పోవుట మాని పనియే మనుష్యుని కడకు వచ్చుట మొదలిడెను. 1914 జనవరిలో ఫోర్డు ప్రకటించిన దినమునకు అయిదు డాలర్ల కూలిని లోకము ఔదార్యమని మెచ్చుకొన్నది గాని, ఆ విసుగుపనికి జనము నిలువక, ఉన్న కొలువుల సంఖ్యకు మూడురెట్లకు మించి ఏటేట క్రొత్తవారిని చేర్చుకొనవలసి వచ్చుచుండెనన్న చేదునిజము దాని వెనుక నున్నది. 1936 డిసెంబరు 30న ఫ్లింటులోని జనరల్ మోటర్సు కార్మికులు యంత్రముల నడుమనే కూర్చుండి 44 దినములు సమ్మె సాగించినప్పుడు కూలితోపాటు లైను వేగమును వారి ప్రధానమైన ఫిర్యాదుగా నుండెను. అప్పటికిని వేగము ఆగలేదు. 1972 నాటికి ఒహాయో రాష్ట్రమందలి లార్డ్స్‌టౌన్‌లో గంటకు నూరుకార్ల లెక్క పెట్టుకొనగా, ఒక్కొక్క కారుపై ఒక్కొక్క మనిషికి దక్కిన కాలము 36 సెకనులు. ఇతరచోట్ల నిమిషము అటు నిటుగా నుండెను.

నిమిషములో ఒకడు కారునకు చేయగలిగిన దేమి? తలుపు కీలునకు రెండు బోల్టులు బిగించును. అంతలో ఆ తలుపు వెడలిపోవును, వేఱొక తలుపు వచ్చును. మఱునాడును అదే, మఱుసంవత్సరమును అదే. 30 ఏండ్లు పనిచేసినవానికి వయస్సుతో నిమిత్తము లేక పింఛను కావలెననునది 1970లో జనరల్ మోటర్సులో జరిగిన సుదీర్ఘమైన సమ్మెలోని కోర్కెలలో ముఖ్యమైనది. దేహము అంతకుమించి భరింపదని వారికి తెలియును.

ఇచ్చట నొక చమత్కారపు వాదము వినవచ్చును. ఫలమువంక కన్నెత్తి చూడక, తనదని యెంచక, వచ్చిన పనిని వచ్చినట్లు చేసి విడిచిపెట్టువాడు గీత చెప్పిన కర్మయోగియే గదా, అట్టివాడు తీరా విశ్రాంతి దొరకినపిదప కార్లవెంట బడుట యోగభ్రంశము గదా యని. ఈ వాదమున నాకు విశ్వాసము లేదు. ఫలమును త్యజించుటకు ఫలము మొదట కర్త యెదుట నుండవలయును. కుండను చేసి, తనివితీర చూచి, నాది కాదని యిచ్చివేసిన కుమ్మరిది త్యాగము. కుండ యెన్నడును కంటబడనీయక, మట్టి పిసుకు చేతులను మాత్రము అద్దెకు తీసికొన్నచో దానిని త్యాగమనుట, కఱవులో పస్తున్నవానిని ఏకాదశీవ్రతుడని పొగడుటవంటిది. కార్ల్ మార్క్సు 1844నాటి తన వ్రాతప్రతులలో పనివానికిని పనికిని గల ఈ యెడబాటును గూర్చి విస్తరించి వ్రాసియున్నాడు. నేను పట్టుకొనదలచిన త్రాడు అంతకంటె పాతది.

పాలీభాషలోని మిలిందప్రశ్నమున, యవనరాజైన మిలిందుడు నాగసేనభిక్షువు కడకు రథమెక్కి వచ్చును. ఇరుసు రథమా, చక్రములు రథమా, నొగ రథమా, కాడి రథమా యని భిక్షువు ప్రశ్నింపగా, రాజు ఒక్కొక్కదానిని కాదనుచు పోయి, ఈ అన్నిటినిబట్టి లోకము పెట్టుకొన్న పేరే రథమని తుదకు ఒప్పుకొనును. న్యాయదర్శనమువారైన నైయాయికులకు ఈ ముగింపు సరిపడలేదు. దారములు వేఱు, వస్త్రము వేఱు. వస్త్రము దారములయందు సమవాయమను విడదీయరాని సంబంధమున నిలిచియుండు క్రొత్తద్రవ్యమే గాని దారముల పోగు కాదని వారు పట్టుబట్టిరి. ఒకకొన పట్టి లాగినచో వస్తువు మొత్తము కదలివచ్చుటయే అవయవి, అనగా అవయవములకు వేఱైన పూర్ణవస్తువు, కలదనుటకు సాక్ష్యమని చూపిరి. ధర్మకీర్తి మొదలగు బౌద్ధులు ఖండించిరి. ఉదయనాచార్యుడు మరల నిలువబెట్టెను. వివాదము శతాబ్దములు నడచినది.

అసెంబ్లీ లైను నాగసేనుని పక్షమును ఇనుముతో నిరూపించిన యంత్రమని నాకు తోచును. అందలి మనిషికి ఇరుసు కలదు, చక్రము కలదు, రథము మాత్రము లేదు. నైయాయికులు వస్తువు పుట్టుటకు మూడువిధముల కారణములు చెప్పుదురు: దారము సమవాయికారణము, దారముల సంయోగము అసమవాయికారణము, సాలెవాడును మగ్గమును నిమిత్తకారణములు. బోల్టు బిగించువాడు దినమంతయు చేయునది సంయోగము, సంయోగము తప్ప మఱేమియు లేదు. అది కుదురనిచో అవయవి పుట్టదు, అది వీడినచో అవయవి నశించును. పూర్ణత్వ మెచ్చట పుట్టునో ఆ చోటనే నిలుచుండి, పూర్ణమును ఎన్నడును చూడనివాని స్థితి యెట్టిదో మన తార్కికులు ఊహించియుండరు.

ఇట్టివాడు పాతకారును పరీక్షించు తీరు చూడదగినది. మొదట రంగును చూడడు. జేబులోనుండి చిన్న అయస్కాంతమును తీసి, గీతలు పడకుండ గుడ్డలో చుట్టి, మడ్గార్డుల అంచులకును తలుపుల క్రింది పట్టీలకును ఆనించుచు పోవును. మిచిగన్ చలికాలమున మంచు కరగుటకు రోడ్లపై ఉప్పు చల్లుదురు. ఆ ఉప్పు కార్ల అడుగుభాగమును తినివేయును. తిన్నచోట లప్పము నింపి, నున్నగా రుద్ది, రంగు కొట్టి అమ్మువారు కలరు. ఇనుమున్నచోట అయస్కాంతము అంటుకొనును, లప్పమున్నచోట జాఱిపోవును. పిమ్మట బానెట్టు ఎత్తి, ఇంజను వెనుకగోడపై రివెట్లతో బిగించిన రేకుపలకను తుడిచి చదువును. 1960వ దశకపు షెవ్రోలే కార్లలో పెక్కింటి పలకలపై బాడీ తయారైన ఊరు, రంగు, సీటుగుడ్డ మొదలగువాని గుర్తులతోపాటు ఒక అంకెయు ఒక అక్షరమును ఉండును. అంకె నెలను చెప్పును, అక్షరము ఆ నెలలోని వారమును చెప్పును. ఏప్రిలు, రెండవ వారము, ఫ్లింటు. ఆ వారమున తాను పనిలో నుండెను. ఈ తలుపు కీలు నీవు బిగించినదే యని ఎవరును చెప్పజాలరు. కాదని అంతకంటె చెప్పజాలరు.

తలుపు తెఱచినచో గడపపట్టీపై, జనరల్ మోటర్సునకు బాడీలు చేసిన ఫిషర్ సంస్థ చిహ్నము కనబడును. అది నెపోలియన్ కాలపు గుఱ్ఱపురథము. కారెక్కువా రందఱును దానిని దాటియే ఎక్కుదురు. నాగసేనుడు తన ప్రశ్న వేయుటకు ఇంతకంటె తగినచోటు దొరకదు.

ఆ ప్రశ్నను పాతకార్లవారు తెలియకయే వాదించుకొనుచుందురు. మడ్గార్డు మార్చినను కారు అదియే, ఇంజను మార్చినచో? చాసిస్సు మార్చినచో? ఇంజనుపై కొట్టిన సంఖ్య కారు సంఖ్యతో కలిసినచో వెల హెచ్చును, కలియనిచో తగ్గును. కావున పాతసంఖ్యను అరగదీసి క్రొత్తది కొట్టు ఘనులును కలరు. చట్టము దృష్టిలో కారనగా రిజిస్ట్రేషనులోని సంఖ్యయే. ఈ విషయమున ప్రభుత్వములన్నియు శుద్ధబౌద్ధులు.

ధనికుల సేకరణ వేఱు. 1955నాటి మెర్సిడెస్ 300 ఎస్ఎల్ఆర్ కూపే యొకటి 2022లో 13.5 కోట్ల యూరోలకు అమ్ముడుపోయెను. అట్టివి రెండే తయారైనవి. షెవ్రోలే ఇంపాలాలు 1965 ఒక్క సంవత్సరములోనే పదిలక్షలకు పైబడి అమ్ముడుపోయినవి. రెండింటిలో నొకదానిని కోరువాని ఆనందము, అది ఇతరులకు లేకపోవుటపై ఆధారపడినది. పదిలక్షలలో నొకదానిని కోరువానికి అట్టి ఆధారము అక్కఱలేదు. అపరిగ్రహము స్థిరపడినవానికి తన జన్మ యెట్లు కలిగెనో తెలియవచ్చునని పతంజలి చెప్పెను. విచిత్రమేమనగా, ఈతడు తన బ్రదుకును గూర్చి అట్టి ఎఱుకనే పరిగ్రహము దారిని వెదకుచున్నాడు.

అట్లని ఆతడు చేయున దెల్ల నేను సమర్థింపబోను. ఒక కారు రెండగును, రెండు ఏడగును, టార్పాలినుల క్రింద వానికి బూజు పట్టుచుండును, ఇల్లాలి కారు మాత్రము మంచులో ఆరుబయట తడియుచుండును. విప్పుట, బిగించుట మాని కొనుట మాత్రమే మిగిలిననాడు పతంజలి మందలింపు ఆతనికి అక్షరాల వర్తించును.

డిట్రాయిట్ ప్రాంతపు మోటారు సంస్థలలో ఇంజనీర్లుగా నున్న తెలుగువారు పెక్కురు. క్రొత్తకారు కొనగనే దేవాలయమునకు తీసికొనిపోయి, చక్రముల క్రింద నిమ్మకాయలు పెట్టి పూజ చేయించుట వారిలో మామూలు. పొరుగింటి అమెరికను వృద్ధునికి ఆ నిమ్మకాయలు వింత గొలుపవచ్చును గాని, దసరాలలో ఆయుధపూజనాడు కమ్మరి తన సుత్తికిని, డ్రైవరు తన లారీకిని పసుపుకుంకుమలు పెట్టుటలోని భావమును ఆతనికి వివరింపనక్కఱలేదు. ఏడాదికొక దినము పని ఆపి, ఏ పరికరముతో బ్రదుకుచున్నామో దానివంక తిరిగి చూచుట అందలి సారము. లైను ఆపు అధికారము ఆతనికి లేకుండెను. అన్ని యేండ్ల పూజలును బకాయి పడినవి.

ఫ్లింటులో బ్యూయిక్ సిటీ యని పేరొందిన మహాకర్మాగారము 1999లో మూతబడి, పిదప నేలమట్టమైనది. తార్కికునికి ఇందులో చిక్కు లేదు: నిమిత్తకారణము పోయినంతమాత్రమున కార్యము పోదు, కుమ్మరి చచ్చినను కుండ నిలుచును. చిక్కు మఱియొకచోట నున్నది. అవయవములలో ఒక్కటి మాఱినను పాత అవయవి నశించి క్రొత్తది పుట్టునని ఆ శాస్త్రము నిష్ఠురముగా చెప్పును. ఆ లెక్కన ఈతడు బోల్టు విప్పినప్పుడెల్ల ఒక కారును చంపుచు, బిగించినప్పుడెల్ల వేఱొకదానిని పుట్టించుచు నుండవలయును. ఈ మాట ఆతడు ఒప్పుకొనడు, నేనును ఒప్పుకొనజాలను.

బిడ్డలకు ఆ షెడ్డుపై మక్కువ లేకపోవుట తఱచు. మొత్తముగా కొనువాడు దొరకనప్పుడు కారును విడిభాగములుగా పంచవలసివచ్చును. తలుపొకనికి, దీపమొకనికి, గేర్‌బాక్సు మఱొకనికి. కొందఱు వృద్ధులు తాము బ్రదికియుండగనే ఆ పనికి పూనుకొందురు. తలుపు నిచ్చి ఊరకుండరు. పానాలు పట్టుకొని తామే వెంట పోవుదురు, ఏలనన తలుపునకును ద్వారమునకును నడుమ సందు పైనుండి క్రిందివఱకు సమముగా వచ్చుటకు కీలులో పలుచని రేకుముక్కలు పెట్టుచు తీయుచు కుదుర్చుట అందఱికిని చేతనైన పని కాదు. దీనిని నిష్కామకర్మ యందువా యని ఎవరైన నన్నడిగినచో, ఈమాఱు ఔననియే చెప్పుదును: ఫలము ఆతని కన్నులయెదుట నున్నది, ఇచ్చినవాడును ఆతడే.