జ్ఞాపకముండని పండుగ

మీ యింట మూడేండ్లు నిండని బిడ్డ యున్నదా? ఉన్నయెడల మిమ్మును ఒక ప్రశ్న అడుగవలెనని యున్నది. ఈ శీతకాలపు సెలవులలో మీరు ఆ బిడ్డకు క్రొత్త చొక్కా తొడిగి, చంకనెత్తుకొని, అక్కుపల్లి సముద్రతీరమునకో బారువకో పోదురు. వెదురు పుల్లలకు రంగు కాగితము అంటించి నక్షత్రము కట్టి, అందులో దీపము పెట్టి, వాకిట వ్రేలాడదీసి చూపుదురు. బిడ్డ కేరింతలు కొట్టును, చప్పట్లు చరచును. అయితే పెరిగి పెద్దదైన తరువాత ఆ సముద్రముగాని, ఆ నక్షత్రముగాని, ఆనాడు మీరు తన్ను ఎత్తుకొని నడచిన దారిగాని ఆ బిడ్డకు జ్ఞాపకముండదు. అట్లయితే ఇదంతయు ఎవరి కొరకు?

ఇది పనిలేనివారు వేసికొను ప్రశ్న కాదు. మన యిండ్లలో ప్రతి డిసెంబరులోను ఎవరో ఒకరు దీనిని అడుగుచునే యుందురు. ఆటో కిరాయి లెక్క చూచుకొనుచు ఇంటి పెద్ద అనును: "గుంటడికేటి తెలుస్తాది? పెద్దోడయ్యాక తీసుకెల్దుం లే." ఈ మాటలో పిసినారితనము లేదు. ఉన్న కొద్దిపాటి డబ్బు ఎక్కడ పెట్టిన నిలుచునో చూచుకొను మనిషి మాట యిది. జవాబు చెప్పక దీనిని త్రోసివేయుట న్యాయము కాదు.

మొదట సంగతి నిజమో కాదో చూతము. నిజమే. మనస్సును గూర్చి పరిశోధించినవారు చెప్పునదేమనగా, పెద్దవారిలో చాలమందికి మూడు, మూడున్నర యేండ్లకు ముందు జరిగినదేదియు జ్ఞాపకము రాదు. రెండేండ్ల బిడ్డకు జ్ఞాపకశక్తియే లేదని దీని యర్థము కాదు. బిస్కత్తుల డబ్బా ఏ గూటిలో దాచితిరో వారము గడచినను ఆ బిడ్డ మరువదు. అయితే ఎదుగుచుండగా ఆ తొలి జ్ఞాపకములు ఒక్కొక్కటిగా చెరిగిపోవును. తమకు రెండవ యేటి సంగతి జ్ఞాపకమున్నదని మనలో కొందరందురు. తరచి అడిగినయెడల అది తల్లి చెప్పగా వినినదో, గోడమీది పటములో చూచినదో అయియుండును.

ఇప్పుడు ఉద్దానమందలి ఒక తండ్రిని తలంచుకొనుడి. ఇచ్ఛాపురము మొదలు పలాస వరకు సముద్రపు ప్రక్కనున్న ఈ ఇసుక నేలను, కొబ్బరి, జీడి, పనస తోటలనుబట్టి ఉద్యానవనమని పిలువగా అదియే ఉద్దానమాయెనని చెప్పుదురు. 2018 అక్టోబరు 11వ తేదీని తెల్లవారకముందు తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరము దాటినప్పుడు ఆ తోటలలో అనేకము నేలకొరగెను. కొబ్బరి మొక్క నాటిన తరువాత కాపునకు వచ్చుటకు ఆరేడేండ్లు పట్టును. తుఫానుకు ముందునుండియు ఇక్కడి మగవారు విశాఖపట్టణమునకును, చెన్నైకిని, ముంబయికిని, గల్ఫు దేశములకును పనికి పోవుచునే యుండిరి. చెట్టు పోయిన యింట ఉండి చేయునదేమి?

ఆ తండ్రి క్రిస్మసుకో సంక్రాంతికో పది దినములు సెలవు దొరికించుకొని పలాస స్టేషనులో రైలు దిగును. ఇంటనున్న బిడ్డకు ఆయన సెల్‌ఫోనులో కనబడు ముఖము మాత్రమే. ఎదుట నిలిచిన మనిషిని చూచి తల్లి చీర కుచ్చెళ్లలో ముఖము దాచుకొనును. నాన్న యెక్కడ అని అడిగినయెడల ఫోను చూపినను చూపవచ్చును. రెండు దినములు దగ్గరకు రాదు. మూడవ దినమున ఆయన చేతిలోని బెల్లపు ముక్క అందుకొనును. ఆరవ దినమున భుజమెక్కును. తొమ్మిదవ రాత్రి ఆయన రొమ్ముమీదనే నిద్రపోవును. పదకొండవ దినమున ఆయన తిరిగి రైలెక్కవలెను. వచ్చు సంవత్సరము ఆయన వచ్చునప్పటికి బిడ్డ మరల ఆ కుచ్చెళ్లలోనే ముఖము దాచుకొనును. నేనడిగిన ప్రశ్న అందరికంటె ఈ మనిషిని ఎక్కువగా కోయును.

ఆయనకు కొందరు చెప్పు ఓదార్పు ఒకటి కలదు: మనస్సు మరచినను శరీరము మరువదు, అని. దీనికి ఆధారము లేకపోలేదు. జెనీవా పట్టణమున క్లాపరేడ్ అను వైద్యుడు 1911లో ఒక సంగతి ప్రకటించెను. ఆయన చూచుచుండిన ఒక స్త్రీకి క్రొత్త సంగతులేవియు జ్ఞాపకముండెడివి కావు. తరచుగా వచ్చు ఆ వైద్యుని సహితము ఆమె ఆనవాలు పట్టలేదు. ఒకనాడు ఆయన తన వ్రేళ్ల మధ్య గుండుసూది దాచి ఆమె చేయి పట్టుకొనెను. మరియొకమారు ఆయన చేయి చాపగా ఆమె తన చేతిని వెనుకకు తీసికొనెను. సూది సంగతి మాత్రము ఆమెకు జ్ఞాపకము లేదు. సూదిపోటు అట్లు నిలిచినయెడల తండ్రి భుజపు వెచ్చదనము నిలువదా? నిలుచుననియే నేను తలంచుచున్నాను. తాను ఏడ్చినయెడల ఎవరో ఒకరు వత్తురని ఒకమారు నమ్మకము కుదిరిన బిడ్డ, ఆ నమ్మకము కుదిర్చినది ఎవరో మరచినను, నమ్మకమును మాత్రము విడువదు.

అయినను ఈ జవాబుతో ఆగుట నాకిష్టము లేదు. ఇందులో మనము బిడ్డ నవ్వును విత్తనముగా చూచుచున్నాము. మొలచినయెడల లాభము, మొలవనియెడల నష్టము. ఒకవేళ ఏమియు మొలవదనుకొనుడి. జాడయైనను మిగులదనుకొనుడి. అప్పుడు ఆ సముద్రపు ఒడ్డున గడచిన పూట వ్యర్థమైనదా?

లూకా సువార్తలో ప్రభువునొద్దకు తేబడినవారు చంటిబిడ్డలు. గ్రీకు భాషలో లూకా అక్కడ వాడిన మాట పసికందులకు చెల్లు మాట. శిష్యులు వారిని తెచ్చినవారిని కసరిరి. ఆ శిష్యులను మనము కఠినులని తలంచుదుము గాని, వారి లెక్కయు మన యింటి పెద్ద లెక్కయు ఒక్కటే. బోధ వినలేనివారు, వినినను రేపటికి నిలుపుకొనలేనివారు, వీరికి బోధకుని సమయమేల? ప్రభువు ఆ లెక్కను ఒప్పుకొనలేదు. ఆ పసికందులలో ఒక్కరికైనను ఆ దినము జ్ఞాపకముండియుండదు. వారు పెరిగి ఏమైరో సువార్తలు చెప్పవు. ఆయన వారిని చేతులలోనికి తీసికొనెనని మాత్రము మార్కు వ్రాసెను.

జ్ఞాపకమే కొలతయైనయెడల ఆ కొలత చంటిబిడ్డలతో ఆగదు. మీ వీధిలో మతిమరుపు వచ్చిన ముసలమ్మ యొకతె యుండును. ఉదయమున వచ్చి పలుకరించిన కొడుకును మధ్యాహ్నమునకు మరచును. అందువలన కొడుకు రాక మానవలెనా? వచ్చి కూర్చున్న ఆ అరగంట ఆమె ముఖము వెలిగెను గదా. నిరుటి డిసెంబరులో మీరు తినిన భోజనములలో ఎన్ని మీకు జ్ఞాపకమున్నవి? ఆకలి తీరలేదా?

"పెద్దోడయ్యాక" అను మాటలో మరియొక లోపమున్నది. ఉద్దానపు గ్రామములలో మూత్రపిండముల జబ్బు ఎంతకాలముగా మనుష్యులను తీసికొనుచున్నదో మీరెరుగుదురు. దానికి కారణమిదియేయని వైద్యులు ఇంకను తేల్చలేదు. 2023 డిసెంబరు 14వ తేదీని పలాసలో మూత్రపిండముల పరిశోధన కేంద్రమును 200 పడకల ఆసుపత్రియు తెరువబడెను. హిరమండలమునుండి గొట్టములలో మంచినీరు తెచ్చు పథకము అప్పుడే ప్రారంభింపబడెను. వాటివలన మేలు కలుగునుగాక. అయితే వారమునకు రెండు మూడు మారులు రక్తశుద్ధికి పోవు తండ్రితో, బిడ్డ పెద్దయిన తరువాత ఆడుకొందువులే అని ఎవరును అనరు. ఆయన బిడ్డను భుజమున ఎత్తలేడు. మంచముమీద కూర్చుండి, దుప్పటిక్రింద చేయి కదలించి, అది పిల్లిపిల్ల యనును. బిడ్డ దానిని పట్టుకొనబోయి పడిపడి నవ్వును. మరల చేయుమనును. మరల చేయును. ఇరువది మారులైనను చేయును. ఆరోగ్యముగల మనము మూడవ మారునకే విసుగుకొని ఫోను తీయుదుము.

ఫోను మాట వచ్చినది గనుక చెప్పవలెను. బిడ్డకు జ్ఞాపకముండదు గనుక ఫోటోలు తీసి దాచెదమని కొందరు యౌవనులు తీరమునకు పోయి పూటంతయు ఫోనులోనుండియే బిడ్డను చూచుచుందురు. ఒకటి రెండు తీయుడి, తప్పులేదు. "ఇటు చూడు, ఇటు చూడు" అని పీత వెనుక పరుగెత్తు బిడ్డను నిలువబెట్టుట మాత్రము నాకు నచ్చదు. బిడ్డకు కావలసినది పీత.

ఎవరి కొరకు అను ప్రశ్నకు, మన కొరకు అనియు జవాబు చెప్పవచ్చును. జ్ఞాపకముంచుకొనువారము మనమే. దీనికి సిగ్గుపడనక్కరలేదు. అయితే మనము అనగా ఎవరు? పలాస కాశీబుగ్గల జీడిపప్పు కార్ఖానాలలో తల్లులు దినమంతయు కూర్చుండి పప్పు పొట్టు తీయుదురు; ఎన్ని కిలోలు తీసిన అంత కూలి. అట్టి తల్లి తనకు దొరకిన ఒక్క సెలవున కోడికూతకు లేచి, పులిహోర కలిపి, గుడ్లు ఉడికించి, నీళ్లు మోసి, తీరమున చాప పరచి, అందరికి వడ్డించి, గిన్నెలు తోమి, సాయంకాలము అందరికంటె వెనుక నడచినయెడల ఆమెకు సెలవెక్కడిది? అన్నలారా, తమ్ములారా, పులిహోర కలుపుట కష్టమైన విద్య కాదు. గిన్నెలు మీరు తోముడి. ఆమెను తడి యిసుకలో బిడ్డతో కూర్చుండనిండి.

సంఘపు పెద్దలతోను ఒక మాట. పది దినములకు వచ్చిన తండ్రి కనబడిన వెంటనే మనము అతనికి పందిరి పని, మైకు పని, పాటలతో ఇంటింటికి తిరుగు పని అప్పగించుచున్నాము. రాత్రి రెండు గంటలకు ఇల్లు చేరినవాడు బిడ్డ లేచువేళకు నిద్రలో నుండును. బేత్లెహేము శిశువును గూర్చి ఊరంతయు పాడి, తన శిశువును సరిగా చూడకయే రైలెక్కును. పందిరి పెండ్లికానివారు వేయగలరు. ఆటలు లోకసంబంధమైనవని పూర్వము కొందరు బోధించిరి. బాగుపడిన యెరూషలేమును జెకర్యా ప్రవక్త వర్ణించినప్పుడు అందులో చేతికఱ్ఱలతో కూర్చున్న వృద్ధులను, వీధులనిండ ఆడుకొను బాలబాలికలను చూపెను. ఆ భాగమును వారు త్వరత్వరగా చదివిరి కాబోలు.

ఇక ఎక్కడికి పోవుదమందురా? డబ్బులేనియెడల ఊరి తోటలోనికే పొండి. క్రిస్మసు కార్డులమీద తెల్లని మంచు కప్పిన యిండ్లను చూచి మనకేల మంచు లేదని పిల్లలడుగుదురు. డిసెంబరు తెల్లవారుజామున కవిటి తోటలలోనికి ఎత్తుకొని పోయి చూపుడి. మన భాషలో రెంటికి ఒకటే పేరు. చెవులు మాత్రము గుడ్డతో కప్పుడి.

టెక్కలి ప్రక్కనున్న తేలినీలాపురమునకు పోగలిగినయెడల మరి మంచిది. ఏటేట చలికాలమునకు గూడబాతులును ఎర్రకాళ్ల కొంగలును వచ్చి అక్కడి చెట్లమీద గూళ్లు కట్టి, పిల్లలను పెంచి, వేసవి ముదరకముందే పోవును. ఆ ఊరివారు వాటిని కొట్టరు, కొట్టనియ్యరు; అవి వచ్చుట ఊరికి శుభమని యెంచుదురు. పిల్ల పక్షి తల్లి గొంతు సంచిలో తల దూర్చి చేపలు తినుట చూడదగినది. అవి సైబీరియానుండి వచ్చినవని అక్కడ ఎవరైన చెప్పవచ్చును. ఆ మాట విని పిల్లలకు అప్పగింపకుడి. ఈ జాతి గూడబాతు మన దక్షిణాసియాలోనే పుట్టి పెరుగునది. మీరు ఇంత దూరము ఎత్తుకొని పోయిన బిడ్డ పక్షులను విడిచి చెట్టుక్రింది మేకపిల్లను చూచుచు కూర్చున్నయెడల విసుగుకొనకుడి. మేకను చూడనిండి.

సముద్రమునొద్ద మాత్రము చేయి విడువకుడి. ఈ తీరమున అల వెనుకకు పోవునప్పుడు పెద్దవారి కాళ్లక్రింది యిసుకను సహితము లాగును. తడి యిసుక చాలు. తిరిగి వచ్చునప్పుడు సంతలో తాటి తేగలు కనబడును, తెచ్చి ఉడికించుడి. నార చంటిబిడ్డ గొంతున పడును గనుక శుభ్రముగా తీసివేసి, మెత్తని భాగము చిన్న ముక్కలుగా చేసి యిండి. చీల్చునప్పుడు నడుమ సన్నని ఆకువంటి చందమామ వచ్చును. దానిని పెద్దపిల్లలు లాగుకొనకముందే చిన్నదాని చేతిలో పెట్టుడి.